డిగ్రీలో చేరడానికి వేళ్లు తోముకున్నాను

సోమవారం పొద్దున పనికి బయల్దేరుతుంటే ఫోన్‌కు సందేశం వచ్చింది. దూరవిద్యలో కొత్తగా డిగ్రీలో చేరేవాళ్లకు ఆదివారం పది గంటలకు టెక్కలిలో పరిచయ తరగతి. వచ్చేటప్పుడు నమోదు సంఖ్య తీసుకురావాలి. దరఖాస్తుకు చివరి తేదీ శనివారం. ఆటో వచ్చేలోపు దాన్ని ఐదుసార్లు చదివాను. అర్థం కాక కాదు. నాకు అక్షరాలు ముప్పై ఎనిమిదో ఏట వచ్చాయి. అప్పటినుంచి నాకంటూ వచ్చిన ఏ కాగితాన్నీ ఒక్కసారి చదివి పక్కన పెట్టడం అలవాటు కాలేదు.

అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతున్నాను, అంటే జీడిగింజల పెంకు పగలగొడుతున్నాను. మా ఊరు అక్కుపల్లి పోయే రోడ్డులో ఉంటుంది. పొద్దున ఆటోలో చేపల బుట్టలతో పాటు వెళ్తాను, సాయంత్రం ఖాళీ బుట్టలతో పాటు వస్తాను. ఓపెన్ స్కూల్లో పది రాశాను. ఇంటరు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. ఇక డిగ్రీ. ముందు నెలలోనే టెక్కలి వెళ్లి, అధ్యయన కేంద్రం పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు రాయించుకుని, ఏయే సబ్జెక్టులున్నాయో వివరాల పుస్తకం తెచ్చుకున్నాను. తెలుగు, చరిత్ర, రాజనీతి కింద గీతలు గీసి పెట్టుకున్నాను.

ఈ ఏడాదే చేరాలని నాకెందుకంత పట్టుదల అని చాలామంది అడిగారు. మా ఊళ్లో ఇంటింటా కిడ్నీ జబ్బు, "వచ్చే ఏడాది" అనే మాటను ఎవరూ పూర్తిగా నమ్మరు. మా ఆయన కొత్త ఇంటికి వచ్చే ఏడాది పునాది తీద్దామన్నాడు. ఆ ఏడాది సగం డయాలసిస్ మంచం మీద గడిచింది, మిగతా సగం ఆయన లేకుండా గడిచింది. మూడు నెలలకోసారి నేనూ రక్తపరీక్ష చేయించుకుంటాను. పోయిన రెండుసార్లు కాగితంలో నా కిడ్నీ అంకె కొంచెం కొంచెం పెరిగింది. డాక్టరు ఇప్పుడే భయం లేదన్నాడు. భయం లేదు గానీ, డిగ్రీకి మూడేళ్లు కావాలి. ఆ మూడేళ్లూ ఎంత త్వరగా మొదలైతే అంత మంచిదనుకున్నాను.

నాకు వరసకు మరదలయ్యే ఆవిడ నా పక్క బల్ల మీద పిక్కలు కొడుతుంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమెకు సందేశం చదివి వినిపించాను. ఆమె వినడం మానేసి నా చేతుల వైపు చూసింది.

"ఏటొదినా, ఆ సేతుల్తోనే ఎల్తావేటి కాలేజీకి? బొగ్గులమ్మ వొచ్చిందనుకుంటారు."

"ఉన్న సేతుల్తోనే కదా ఎల్తాను. ఇంకెవులి సేతులు తెమ్మంతావు?"

"అందరూ సిన్న గుంటలు, కుర్ర పిల్లలుంటారు. పెన్ను పట్టుకుంటే ముందు నీ యేళ్లే సూత్తారు. సింతపండులో ఉప్పేసి రుద్దు. ఆ మీదట ఇటికముక్కతో గీకు. నా పెళ్లికి మా యమ్మ అలాగే గీకింది. తెల్లగొచ్చేసినాయి."

"నీ పెళ్లికి నువ్వింకా పిక్కలు కొట్టడం నేర్సుకోనేదు కదే."

"అందుకే బేగి తెల్లబడ్డాయి. నీయి రెండు దినాలు రుద్దాల."

పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడినూనె చేతికి తగిలితే చర్మం కాలుతుంది, పొర లేస్తుంది, నల్లబడుతుంది. ఇన్నేళ్లలో నాకు ఆ నలుపు పెద్దగా పట్టలేదు. ఆ రోజు మాత్రం పట్టింది. ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని చింతపండు, ఉప్పు, ఇటుకముక్క పెట్టుకుని గంటసేపు తోముకున్నాను. మంట పుట్టింది. అయినా ఆపలేదు. వేళ్ల కొసలు ఎర్రగా, నున్నగా తేలాయి. వాటిని చూసి మురిసిపోయానని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మంగళవారం పని మానేసి, కాశీబుగ్గ బస్టాండు దగ్గరున్న నెట్ సెంటరుకు వెళ్లాను. దాన్ని నడిపే ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. నా ఇంటరు ఫీజు కూడా ఆమే కట్టింది. నన్ను పిన్నీ అంటుంది. ఫోటో, మార్కుల జాబితా, ఆధార్ అన్నీ ఎక్కించింది. సబ్జెక్టుల పేజీ తెరుచుకునే ముందు ఆధార్‌తో కలిపిన ఫోన్‌కు ఓటీపీ పంపామని తెర మీద వచ్చింది.

"వొచ్చిందా పిన్నీ?"

"నా ఫోన్లో ఏటీ రానేదు."

"ఆధార్‌కి ఏ నంబరిచ్చినావు? సివర్న రెండు తొమ్మిదులున్నాయి సూడు."

రెండు తొమ్మిదులు మా ఆయన నంబరు. ఆధార్ తీసిన రోజుల్లో ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. ఆయన పోయాక దానికి రీఛార్జి చేయించలేదు. ఫోను ఆడపడుచు పట్టుకుపోయింది. నంబరు అలాగే పడి ఉంటుందనుకున్నాను. నెట్ సెంటరామె దానికి ఫోన్ చేసి చూసింది. మోగింది. గబుక్కున నా చేతిలో పెట్టింది.

"అలో, ఎవులు?" మగ గొంతు. వెనక లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"బాబూ, నాను కాశీబుగ్గ నుంచి మాటాడతన్నాను. నీ ఫోనుకి ఇప్పుడొక ఆరంకెల నంబరొచ్చుంటాది. అది నాది. కాస్త సదివి సెప్పు బాబూ."

"ఓలమ్మో, ఇదా సంగతి! ఇన్నాళ్లూ మగోలే సేసీవోరు. ఇప్పుడు ఆడోలు కూడా దిగీసినారేటి?"

"మోసం కాదు బాబూ. నాను డిగ్రీలో సేరతన్నాను. దానికి కావాల."

"నీ గొంతు సూత్తే మా యమ్మ వయసున్నాది. డిగ్రీయేటి? ఇంకో కత సెప్పు. నాదీ మన పక్కనున్న కంచిలే. నన్ను బురిడీ కొట్టించలేవు."

"నీకు రాకముందు ఈ నంబరు మా ఆయనది."

"అయితే ఆయన్నే అడుక్కో."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నెట్ సెంటరామె నవ్వబోయి, నా ముఖం చూసి తెర వైపు తిరిగింది. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు గోడ మీద అంటించిన కాగితం చదివి మా మరదలికి గట్టిగా చెప్పినదాన్ని నేనే. తెలియని ఆడమనిషి నాకు ఫోన్ చేసి అడిగితే నేనైనా అదే అనేదాన్ని. అయినా ఆ సాయంత్రం ఆటోలో ఇంటిదాకా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇక మిగిలింది ఆధార్‌లో నంబరు మార్పించడం. బుధవారం కూడా పని మానేశాను. పలాసలో ఆధార్ తీసేచోట వరసలో నిలబడి, నా వంతు రాగానే కొత్త నంబరు రాసిన కాగితం ఇచ్చాను. అందంగా రాశాను కూడా. అతను కాగితం చూడలేదు, యంత్రం నా వైపు తోశాడు.

"యేలు పెట్టమ్మా. గట్టిగా నొక్కు. అంత గట్టిగా కాదు. తుడుసుకో. ఇంకో యేలు. ఆ సేయి కూడా."

పది వేళ్లూ అయ్యాయి. ఒక్కటీ పట్టలేదు. నా చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"ఏటి పని సేత్తావు?"

"పిక్కలు కొడతాను."

"పిక్కలు కొట్టీవోలకి సగమైనా పడతాయి. నీకు గీతన్నది నేదు. ఏటి సేసినావు?"

"తోముకున్నాను."

"దేంతోటి?"

"ఇటికతోటి."

వరసలో వెనకున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "రేసను బియ్యానికెల్లేటప్పుడు ఇలాగే తోముకెల్తావేటమ్మా?" అన్నాడు.

ఆ మాటతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మా ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా వేలు వేయాల్సిన పని ఉంటే మూడు రోజుల ముందునుంచి పిక్కల బల్ల దగ్గరికి పోము. మేస్త్రీని అడిగి, పప్పుకు పొట్టు తీసేవాళ్ల దగ్గర కూర్చుంటాం. కొబ్బరినూనె రాసుకుంటాం. గిన్నెలు కూడా ఇంకెవరిచేతనైనా తోమిస్తాం. అలా మూడు రోజులు కాపాడితే పదిలో ఒకటో రెండో వేళ్లు యంత్రంలో పలుకుతాయి. కొత్తగా పనిలోకి వచ్చే ఆడపిల్లలకు ఇది నేర్పేదాన్ని నేనే. చదువుకున్న పిల్లల మధ్య నల్లటి వేళ్లతో కూర్చోవాలంటే సిగ్గుపడి, తెలిసిన విషయాన్నే మర్చిపోయాను. సలహా ఇచ్చిన మరదలి మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ, ఇటుక పట్టుకున్నది నేను.

"మరేటి సెయ్యాల బాబూ? సనివారం ఆకరి రోజు."

"కంటితోటి సెయ్యొచ్చు. మా కాడ కన్ను తీసే మిసను పాడయ్యింది. టెక్కలి ఎల్లు."

గురువారం టెక్కలి. పొద్దున వెళ్తే మధ్యాహ్నం మూడింటికి నా వంతు వచ్చింది. కళ్లకు పెట్టే యంత్రంలోకి చూస్తూ రెప్ప వేయకూడదన్నారు. జీడిపొగలో ఏళ్ల తరబడి ఉన్న కళ్లు నావి. తెరిచి ఉంచితే నీళ్లు కారతాయి. రెండుసార్లు పోయింది. మూడోసారి రెప్పలు వేళ్లతో పట్టుకుని చూశాను. పలికింది. నంబరు ఎప్పుడు మారుతుందని అడిగాను.

"రెండ్రోజులు పట్టొచ్చమ్మా. వారం పట్టొచ్చు. మారినాక మెసేజీ వొత్తాది."

అక్కడినుంచి అధ్యయన కేంద్రానికి నడిచి వెళ్లాను. ఒక డిగ్రీ కాలేజీలో ఒక గదే ఆ కేంద్రం. బల్ల దగ్గర గుమాస్తా ఉన్నాడు. దరఖాస్తు కాగితం మీద రాసిస్తే తీసుకుంటారా అని అడిగాను.

"కాగితం లేదమ్మా. అంతా ఆన్‌లైనే."

"నేను రాయగలను సార్. ఎవరి సాయమూ వద్దు. ఇక్కడే కూర్చుని రాసిస్తాను."

"మీరు రాయగలరు. నేనే తీసుకోలేను."

మర్యాదగానే చెప్పాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. పదకొండేళ్ల క్రితం అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నది బ్యాంకులో, పంచాయతీలో, ఆస్పత్రిలో నా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచి కాగితానికి అద్దేవాళ్ల చేతుల్లోంచి నా చేతిని లాక్కోవడానికి. సంతకం వచ్చింది. పేరాలు రాయడం వచ్చింది. అవి వచ్చేసరికి కాగితాలు పోయి మళ్లీ వేలే కావాలంటున్నారు. నాకేమో వేలు కూడా లేదు. ఆ గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. పలాస బస్సు ఒకటి వెళ్లిపోయింది, ఎక్కలేదు.

శుక్రవారం పనికి వెళ్లాను. బల్ల దగ్గర ఫోను పెట్టుకుని అరగంటకోసారి చూసుకున్నాను. మేస్త్రీ రెండుసార్లు కసిరాడు. మూడు రోజులు మానేసినదాన్ని, మాటలు పడ్డాను. శనివారం మధ్యాహ్నం అడిగి బయటపడి నెట్ సెంటరులో కూర్చున్నాను. ఆమె మధ్యమధ్యలో ఓటీపీ పంపించి చూసింది. ప్రతిసారీ రెండు తొమ్మిదుల నంబరుకే పోయింది. కంచిలి మనిషి ఎన్నిసార్లు తిట్టుకున్నాడో తెలియదు. సాయంత్రం ఏడయింది. ఆమె కంప్యూటరు ఆపలేదు, నేను లేవలేదు.

"రాత్రి పన్నెండు దాకా టైముంటాది పిన్నీ. నీకు మెసేజొత్తే ఫోన్ సెయ్యి. ఇంటికాడ లాప్‌టాప్ ఉంది, నాను సేసేత్తాను."

"రాకపోతే?"

"వొచ్చే ఏడు సేరుదువు. ఎక్కడికి పోద్ది?"

నా రక్తపరీక్ష అంకె ఆమెకు తెలియదు కదా. ఆ రాత్రి సందేశం రాలేదు.

ఆదివారం పొద్దున చీర కట్టుకుంటుంటే మరదలు వచ్చింది.

"సీటు నేదు కదొదినా. ఎక్కడికి తయారు?"

"రమ్మని పిలిసినారు. ఎల్తాను."

"తలుపు కాడే ఆపేత్తారు."

"ఆపితే ఎందుకాపినారో అడిగొత్తాను."

"అడుగు. అలాగే ఇటికముక్క కూడా అట్టుకెల్లు, సూపిద్దువు," అని, నా ముఖం చూసి, "తప్పు నాదేలే ఒదినా. ఉండు, జడ నానేత్తాను," అంది. దువ్వెన ఆమె చేతికిచ్చాను. ఆ వారంలో నాకొచ్చిన కోపాల్లో తీరింది ఆమె మీదున్న ఆ కాస్తే.

పది గంటలకు టెక్కలిలో ఉన్నాను. తలుపు దగ్గర గుమాస్తా జాబితా చూసి, నా పేరు లేదన్నాడు. నాకూ తెలుసన్నాను. నమోదు సంఖ్య లేకపోతే లోపల కూర్చోకూడదన్నాడు. కూర్చోను, ఇక్కడే నిలబడి వింటానన్నాను. అతను ఇబ్బందిగా లోపలికి చూసి పక్కకు జరిగాడు. అరవై మంది దాకా ఉన్నారు. అందరూ చిన్నవాళ్లు కాదు. ఒక పోలీసాయన ఉన్నాడు. చంకలో పిల్లాడితో ఒకామె ఉంది. ఎవరూ నా వేళ్ల వైపు చూడలేదు.

ముందు నిలబడ్డ సారు గంటసేపు చెప్పాడు. పుస్తకాలు ఎప్పుడిస్తారు, ఆదివారం తరగతులు ఎన్ని, ఇంటి దగ్గర రాసి ఇవ్వాల్సినవి ఎలా రాయాలి. నేను తలుపుకు ఆనుకుని, నోట్‌బుక్ గోడకు పెట్టి అన్నీ రాసుకున్నాను. నాకు పనికొస్తాయో లేదో తెలియకుండానే రాసుకున్నాను. చివర్లో పుస్తకం మూసేస్తూ సారు అన్నాడు.

"మీ స్నేహితులు ఎవరైనా చేరాలనుకుంటే చెప్పండి. గడువు నెలాఖరు దాకా పెంచారు."

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను.

"సార్," అన్నాను తలుపు దగ్గరినుంచి. అందరూ వెనక్కి తిరిగారు. "నిన్నే ఆఖరి తేదీ అని మెసేజీలో ఉంది సార్."

"అవునమ్మా. పెంచారు."

"ఎప్పుడు పెంచారు?"

"ఉత్తర్వు నిన్న సాయంత్రం వచ్చింది." తర్వాత నవ్వుతూ, నన్ను ఓదార్చేలా, "ప్రతి ఏడూ పెంచుతారు. కంగారు పడాల్సింది లేదు," అన్నాడు.

బెంచీల మీద కొందరు నవ్వారు. వాళ్లకు తెలుసు. ఇళ్లలో అన్నలో అక్కలో కాలేజీలకు వెళ్లినవాళ్లకు ఆఖరి తేదీ ఆఖరిది కాదని తెలుసు. మాకు తెలియదు. మాకు అచ్చులో ఉన్నదంటే ఉన్నదే. నాకు సంతోషం రావాలి. సీటు పోలేదు. కానీ వచ్చింది సంతోషం కాదు. పోయిన కూలి, కంచిలి మనిషి మాటలు, రెప్పలు పట్టుకుని చూసిన కన్ను, మెట్ల మీద కూర్చున్న సాయంత్రం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ప్రతి ఏడూ పెంచేదైతే మొదటే ఆ తేదీ రాయొచ్చు కదా సార్. గురువారం నేను ఇక్కడికే వచ్చాను. పెంచుతారులే అని ఒక్కమాట ఎవరూ అనలేదు."

గుమాస్తా నేల చూశాడు. "ముందే అలా చెప్పకూడదమ్మా," అన్నాడు సారు. నవ్వు పోయింది. "లోపలికి వచ్చి కూర్చోండి."

"కూర్చుంటాను. ముందు ఆ కొత్త తేదీ రాసి బయట అంటించండి. ఇయ్యాల ఇక్కడికి రానివాళ్లు నిన్నటితో అయిపోయిందనుకుని ఇంటి కాడ కూర్చుని ఉంటారు."

సారు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా కాగితం వెతికాడు, స్కెచ్ పెన్ను వెతికాడు. దొరకలేదు. నా నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, నా పెన్నుతో నేనే పెద్ద అక్షరాలతో రాశాను. కింద సారు సంతకం పెట్టాడు. గుమాస్తా దాన్ని తలుపుకు అంటించాడు. అప్పుడు వెళ్లి, పిల్లాడిని ఎత్తుకున్నామె పక్కన కూర్చున్నాను. ఆమె జరిగి చోటిచ్చింది. ఆ కాగితాన్ని ఎంతమంది చదివారో, అసలు సోమవారం దాకా ఉందో లేదో నాకు తెలియదు.

నంబరు మారిన సందేశం మంగళవారం పిక్కల బల్ల దగ్గర ఉండగా వచ్చింది. సాయంత్రం నెట్ సెంటరుకు వెళ్తే ఓటీపీ నా ఫోనుకే వచ్చింది. సబ్జెక్టుల పేజీ తెరుచుకుంది. నెట్ సెంటరామె మౌస్ నా చేతికిచ్చింది. తెలుగు, చరిత్ర, రాజనీతి నేనే నొక్కాను. మౌస్ చేతికి కొత్త కావడంతో చరిత్ర దగ్గర వేరే గడిలో పడింది, మళ్లీ సరిచేశాను. నమోదు సంఖ్య తెర మీదికి వచ్చింది.

"ఇంక నవ్వు పిన్నీ, అయిపోయింది కదా," అంది ఆమె.

ప్రింటు తీయమని అడిగాను. మర్నాడు మధ్యాహ్నం పనిలోంచి ఒక పూట అడిగి, మేస్త్రీ చేత మళ్లీ నాలుగు మాటలు పడి, టెక్కలి వెళ్లి ఆ కాగితాన్ని గుమాస్తా బల్ల మీద పెట్టాను. జాబితాలో నా పేరు ఎక్కించేదాకా కుర్చీలోంచి కదలలేదు.